నక్షా చేతికి అందితేనే విమానం

కర్నూలు నుంచి కడపకు పోయే 40వ నంబరు జాతీయ రహదారి మీద దువ్వూరు ఒక మండల కేంద్రం. కె.సి. (కర్నూలు-కడప) కాలువ నీళ్లతో వరి, పసుపు పండే నేల. ఆ రోడ్డు పట్టుకుని ఉత్తరంగా పోతే ఓర్వకల్లులో 2021లో మొదలైన విమానాశ్రయం వస్తుంది. దక్షిణంగా పోతే 2015లో తెరిచిన కడప విమానాశ్రయం వస్తుంది. ఒకే దారికి అటూ ఇటూ రెండు విమానాశ్రయాలున్న ఈ ప్రాంతంలో, మొట్టమొదటి నమూనా విమానాన్ని తన చేత్తో కట్టుకోవాలనుకునే పిల్లవాడు ఎక్కడ మొదలుపెట్టాలి? కిట్ కొనాలి అంటారు ఎవరినడిగినా. ఆ మాట దగ్గర మొదలైన ఆలోచన కిట్ ఎక్కడ దొరుకుతుంది, ఎంతవుతుంది అన్న లెక్కల్లో పడి ఆగిపోతుంది. నమూనా విమానాల చరిత్రను కాస్త ఓపికగా చూస్తే వేరే సంగతి తేలుతుంది. కిట్ పెట్టెలో అన్నిటికన్నా విలువైన వస్తువు అడుగున మడిచిపెట్టిన నక్షా. చెక్క, రబ్బరు, జిగురు దాని తర్వాతే. గురువు పక్కన లేకపోయినా పనిని ఒక చేతినుంచి ఇంకో చేతికి దాటించే శక్తి ఆ కాగితానిది. చేతుల్లో నేర్పు, చుట్టూ తేలికైన ముడిసరుకు, తలెత్తితే విమానం, ఈ మూడూ ఉండి కూడా మన పల్లెల్లో ఈ విద్య వేళ్లూనలేదంటే అందుకు డబ్బు లేకపోవడం ఒక్కటే కారణం కాదు. పిల్లవాడు తనకు తానుగా చదువుకుని కట్టుకోగలిగిన తెలుగు నక్షా లేకపోవడం అంతకన్నా పెద్ద కారణం. ఈ వ్యాసం నిరూపించదలచినది అదే.

ముందు ఒక విషయం స్థిరపరచుకోవాలి. వయసులో విమానం కన్నా దాని నమూనాయే పెద్దది. ఇంగ్లండులో జార్జ్ కేలీ 1804లో ఒక కర్రకు గాలిపటాన్ని రెక్కగా బిగించి, వెనక కదిలించడానికి వీలైన తోక పెట్టి, విసిరితే గాలిలో జారుతూ పోయే చిన్న గ్లైడరు చేశాడు. ఆ తర్వాత 67 ఏళ్లకు, 1871 ఆగస్టులో, పారిస్‌లోని ట్యుయిలరీ తోటలో అల్ఫోన్స్ పెనో అనే యువకుడు మెలితిప్పిన రబ్బరు బలంతో పంకా తిరిగే నమూనాను ఎగరేశాడు. అది 11 సెకన్లలో సుమారు 40 మీటర్లు పోయింది. రెక్కల కొసలను కాస్త పైకి ఎత్తడం, తోకను రెక్క కన్నా తక్కువ కోణంలో అమర్చడం అనే రెండు కిటుకులతో, ఎవరూ నడపకపోయినా నమూనా తనంతట తానే నిలదొక్కుకుంటుందని అతను చూపించాడు. నేటికీ తొలి నమూనా కట్టేవాళ్లు ఆ రెండు సూత్రాలనే నమ్ముకుంటారు. 1878లో ఒక తండ్రి తన కొడుకులకు పెనో పద్ధతిలో చేసిన, రబ్బరుతో పైకెగిరే బొమ్మను తెచ్చి ఇచ్చాడు. ఆ పిల్లలే రైట్ సోదరులు. 1907లో లండన్‌లోని అలెగ్జాండ్రా ప్యాలెస్‌లో డైలీ మెయిల్ పత్రిక పెట్టిన నమూనా విమానాల పోటీలో గెలిచిన ఎ.వి. రో, బహుమతిగా వచ్చిన 75 పౌన్లను అసలు విమానం కట్టడానికి వాడుకున్నాడు. అతని పేరుమీదనే ఏవ్రో కంపెనీ వచ్చింది. నమూనా అంటే పిల్లలాట అని తీసిపారేసేవాళ్లకు ఈ వరస చాలు. విమాన శాస్త్రానికి అదే తొలి ప్రయోగశాల. అయితే ఈ తొలి తరంలో ఒక లోటు ఉంది. కట్టినవాడి వేళ్లలో ఉన్న విద్య అతనితోనే నిలిచిపోయేది. పెనో 1880లో ముప్పై ఏళ్లకే కన్నుమూశాడు. అతనిలా కట్టాలనుకున్నవాడు అతని వస్తువును చూసి ఊహించుకోవలసిందే తప్ప, కొలతలతో ముందుపెట్టుకుని కట్టే దారి సామాన్య కుటుంబంలో పుట్టిన పిల్లవాడికి లేదు.

ఆ దారి 1920ల చివరలో పడింది. 1927 మేలో చార్లెస్ లిండ్‌బర్గ్ ఒంటరిగా అట్లాంటిక్ దాటాక అమెరికా పిల్లలకు విమానం పిచ్చి పట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో నౌకాదళ పైలట్‌గా పనిచేసిన పాల్ గిల్లో, మసాచుసెట్స్‌లోని వేక్‌ఫీల్డ్‌లో, యుద్ధ విమానాల చిన్న కిట్లను ఒక్కొక్కటి 10 సెంట్లకు అమ్మడం మొదలుపెట్టాడు. పెట్టెలో ఉండేవేమిటి? కొంత బాల్సా చెక్క, కొన్ని వెదురు పుల్లలు, టిష్యూ కాగితం, జిగురు, నక్షా. 1929లో షికాగోలో మొదలైన కామెట్ కంపెనీ కూడా ఇదే బాట పట్టింది. అదే ఏడాది అమెరికాలో మోడల్ ఎయిర్‌ప్లేన్ న్యూస్, 1935లో బ్రిటన్‌లో ఏరోమోడలర్ పత్రికలు పుట్టాయి. ఈ పత్రికలు పుటల్లో నక్షాలు అచ్చువేసేవి. అందువల్ల కిట్ కొనలేనివాడు కూడా పత్రిక కొనుక్కుని, కొలతలు ఎత్తుకుని, దొరికిన చెక్కతో కట్టుకోగలిగాడు. ఇక్కడ కాలాన్ని గమనించాలి. 1929 నుంచి అమెరికా ఆర్థిక మాంద్యంలో కూరుకుపోయింది. ఉద్యోగాలు పోయాయి, బ్యాంకులు మూతపడ్డాయి. సరిగ్గా ఆ పదేళ్లలోనే నమూనా విమానాల కట్టుబడి అక్కడ ఇంటింటి అలవాటుగా మారింది. చేతిలో డబ్బాడని కాలంలో ఒక హస్తవిద్య అంతగా విస్తరించిందంటే, ఆ విస్తరణకు మూలం సంపదలో లేదు. చవకగా అచ్చయి, పిల్లలు చదివే భాషలో, వాళ్ల ఊరి దుకాణం దాకా వచ్చిన కాగితంలో ఉంది.

ఆ కాగితం ఏం చేస్తుందో తెలియాలంటే తొలి నమూనా కట్టే క్రమాన్ని ఒకసారి చూడాలి. నక్షాను చదునైన మెత్తటి పలక మీద పరుస్తారు. జిగురు అంటకుండా దానిమీద పలచని ప్లాస్టిక్ కాగితం వేస్తారు. నక్షాలోని గీతల మీదే చెక్క పుల్లలు పెట్టి, పుల్లను చీల్చకుండా ఇరుపక్కలా గుండుసూదులు గుచ్చి నిలబెడతారు. అడ్డుపుల్లలు కోసి, కొసలకు జిగురు రాసి, మధ్యలో ఇరికిస్తారు. బాడీకి ఒక పక్క ఆరిన తర్వాత రెండో పక్కను సరిగ్గా దానిమీదే కడతారు, రెండూ అచ్చు ఒకటిగా రావడానికి. రెక్కకు రిబ్బులు ఒక్కొక్కటీ నక్షాలో చూపిన చోటే నిలబెడతారు. తర్వాత టిష్యూ కప్పి, సన్నగా నీళ్లు చల్లి బిగుసుకోనిస్తారు. చివరికి రెక్క ముందంచు నుంచి దాని వెడల్పులో నాలుగో వంతుకూ మూడో వంతుకూ మధ్య రెండు వేళ్ల మీద నిలిపి చూస్తారు. తోక దిగితే ముక్కుకు కాస్త మట్టిముద్ద అంటిస్తారు. ఇందులో ప్రతి మెట్టులోనూ పిల్లవాడు రెండు పనులు చేస్తున్నాడు. చదును కాగితం మీది గీతను మూడు దిక్కుల్లో నిలబడే వస్తువుగా మనసులో మార్చుకుంటున్నాడు, తన చేతి తప్పును గీతతో పోల్చి తానే పట్టుకుంటున్నాడు. పక్కన తిట్టే మేస్త్రీ లేడు, మెచ్చుకునే గురువూ లేడు. ఆ పరీక్ష ఎంత గట్టిదో 1942లో రుజువైంది. యుద్ధంలోకి దిగిన అమెరికా నౌకాదళం, శత్రు విమానాలను ఆకారం చూసి గుర్తుపట్టడంలో సైనికులకు శిక్షణ ఇవ్వడానికి 5 లక్షల చెక్క నమూనాలు కావాలని పాఠశాలలను కోరింది. అసలు విమానంలో 72వ వంతు పరిమాణంలో, పంపిన నక్షాల ప్రకారం, బడిపిల్లలు వాటిని చెక్కి ఇచ్చారు. ఒకరినొకరు చూడని వేలమంది పిల్లల చేతులు ఒకే కొలతకు పనిచేశాయి. నక్షా లేకుండా అది జరిగే పని కాదు.

ఇప్పుడు మన నేలకు వద్దాం. రాయలసీమకు విమానం రావడంలో ఆలస్యమేమీ జరగలేదు. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి తపాలా విమానం నడిపినప్పుడు, అక్కడి నుంచి నెవిల్ వింట్సెంట్ దాన్ని బళ్లారి మీదుగా మద్రాసు చేర్చాడు. బళ్లారి ఆనాడు కడప, కర్నూలు, అనంతపురాలతో పాటు దత్తమండలాల్లో భాగం, మద్రాసు రాష్ట్రంలోనిది. అంటే టాటాల తొలి క్రమబద్ధమైన విమాన తపాలా దారి సీమ మీదుగానే పోయింది. కొలతల కాగితం అంతకన్నా పాతది. 1800లో నిజాం ఈ మండలాలను ఈస్టిండియా కంపెనీకి ఒప్పగించాక, ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1802 నుంచి పొలం పొలాన్నీ కొలిపించాడు. 33 అడుగుల గొలుసు, దాని చదరాలు 40 అయితే ఎకరం. 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ కర్నూలు-కడప కాలువ తవ్వినప్పుడు మట్టం, వాలు, తూము కొలతలన్నీ నక్షాల మీదే నడిచాయి. నక్షా అంటే ఏమిటో తెలియనివాడు సీమ రైతుల్లో అరుదు. గట్టు తగాదా వస్తే ఊరంతా నక్షా చుట్టూ చేరేది. కాని ఆ నక్షా కరణం పెట్టెలో ఉండేది. 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యేదాకా అది పన్ను కట్టించే కాగితం, హక్కు తేల్చే కాగితం. చూడాలంటే అడగాలి, అడిగితే చూపుతారన్న భరోసా లేదు. రెండు వందల ఏళ్ల పాటు కొలతల కాగితంతో మన పల్లెలకున్న పరిచయం ఇలాంటిది. ఎవరో కొలిచి గీసినదానికి లోబడే పరిచయం. తానే ముందేసుకుని ఒక వస్తువు పుట్టించడానికి వాడుకునే కాగితంగా అది పిల్లల చేతికి రాలేదు.

చేతుల సంగతి చూస్తే లోటు లేదు. జొన్న పండే పల్లెల్లో పిల్లలు జొన్న దంట్లతో బండ్లు కట్టేవాళ్లు. దంటు పైపెచ్చు చీల్చి సన్నని బద్దలు తీసి, లోపలి బెండును ముక్కలు చేసి, బద్ద కొసను బెండులోకి గుచ్చి చట్రం కడితే జిగురు లేకుండానే నిలుస్తుంది. తుమ్మముల్లు ఇరుసవుతుంది. గట్టి పుల్లలతో చట్రం, తేలికైన పదార్థంతో కీలు, ఇది బాల్సా కిట్ పద్ధతికి దగ్గరి చుట్టమే. తాటాకు మడిచి ముల్లు గుచ్చి పరుగెత్తితే గిర్రున తిరిగే పంకాలో ప్రొపెల్లరు సూత్రమంతా ఉంది. రెండు వెదురు పుల్లలను ఒకటి నిలువుగా, ఒకటి విల్లుగా వంచి కట్టే గాలిపటం, కేలీ 1804లో రెక్కగా వాడుకున్న వస్తువే. పెద్దల వృత్తుల్లో చూసినా అంతే. కొండపల్లి బొమ్మలకు తెల్ల పొణికి, ఏటికొప్పాక లక్క బొమ్మలకు అంకుడు కర్ర, ఏ పనికి ఏ చెక్క తేలికో తెలుగు చేతులకు తరాలుగా తెలుసు. ఉమ్మడి కడప జిల్లాలోనే శెట్టిగుంట కర్ర చెక్కడానికి పేరుపడ్డ ఊరు. ఇవన్నీ అలవాటుగా వచ్చిన పనులేనని, వీటికి విమాన శాస్త్రంతో పోలికేమిటని ఎవరైనా అడగవచ్చు. ఆ అభ్యంతరంలో కొంత నిజముంది. జొన్న దంటు బండికి కొలత లేదు, ఒకరి బండి ఇంకొకరి బండిలా ఉండదు, తప్పెక్కడ జరిగిందో తేల్చే ఆధారం లేదు. బండి వంకరగా ఉన్నా నడుస్తుంది, విమానం వంకరైతే పడిపోతుంది. కాని ఆ తేడా ఏమిటో జాగ్రత్తగా చూడండి. పదార్థం ఉంది, కీలు వేసే తెలివి ఉంది, తేలికదనం విలువ తెలుసు. లేనిదల్లా కొలత, ఆ కొలతను కాగితం మీద నిలిపే గీత. ఈ అభ్యంతరం నా వాదాన్ని బలహీనపరచదు, లోటు ఎక్కడుందో ఇంకా స్పష్టంగా చూపెడుతుంది.

స్వతంత్ర భారతంలో ఈ విద్య రాకపోలేదు. 1948లో చట్టంతో ఏర్పడిన నేషనల్ కేడెట్ కోర్‌కు 1950లో వాయు విభాగం వచ్చింది. ఏరోమోడలింగ్ దాని శిక్షణలో భాగమైంది. హైదరాబాదులో 1930ల నుంచే ఏరో క్లబ్బు, బేగంపేట విమానాశ్రయం ఉండడంతో నగర విద్యార్థులకు ఆ వాతావరణం దగ్గరైంది. కలకత్తాలోని ఇండియాస్ హాబీ సెంటర్ అరోరా పేరుతో కిట్లు, చిన్న ఇంజన్లు తయారుచేసి దేశమంతా అమ్మింది. అయితే వాయు విభాగం స్వభావరీత్యా విమానాశ్రయం ఉన్న నగరాల చుట్టూ, కాలేజీల చుట్టూ తిరిగేది. అక్కడి శిక్షణ ఇంగ్లీషులోనో హిందీలోనో సాగేది. మరోపక్క బాల్సా ఈక్వడార్ నుంచి రావలసిన చెక్క. 1956-57లో విదేశీ మారకద్రవ్యం కరువై దిగుమతి లైసెన్సులు బిగుసుకున్నాక, అలాంటి వస్తువు అభిరుచి కోసం తెప్పించుకోవడం కష్టమైపోయింది. వినియోగ వస్తువుల దిగుమతులపై ఆంక్షలు పూర్తిగా తొలగింది 2001లో. ఆ నాలుగున్నర దశాబ్దాలు ఈ విద్య నగరంలో, ఇంగ్లీషులో, శిక్షకుడి పర్యవేక్షణలో బతికింది. శిక్షకుడున్నంతవరకు అది మంచి విద్యే. కాని శిక్షకుడి మీద ఆధారపడే విద్య అతను ఉన్న ఊరు దాటదు. జమ్మలమడుగులోనో పులివెందులలోనో ఆసక్తి ఉన్న పిల్లవాడు ఆనాడు ఒక్కడూ లేడని అనలేం, ఉండే ఉంటాడు. ఆ ఆసక్తిని అందుకుని నిలబెట్టే దుకాణం, పత్రిక, బడి అలవాటు మాత్రం ఆ ఊళ్లలో ఏర్పడలేదు.

తెలుగు అచ్చుకు ఆ శక్తి లేదా అంటే, సమాధానం ఈ జిల్లాలోనే ఉంది. కడప జిల్లా పొట్టిపాడులో 1912లో పుట్టిన బి. నాగిరెడ్డి, మద్రాసులో అచ్చుయంత్రాలు నెలకొల్పి, చక్రపాణితో కలిసి 1947 జులైలో చందమామను తెచ్చారు. అంతకు రెండేళ్ల ముందే, 1945లో, న్యాయపతి రాఘవరావు దంపతులు బాల పత్రికను మొదలుపెట్టారు. చందమామ పల్లెపల్లెకూ చేరింది, పలు భాషల్లోకి వెళ్లింది, దాని బొమ్మలు తరాల కళ్లకు రూపం నేర్పాయి. రంగుల అచ్చు, చవక ధర, ఊరూరికీ పంపిణీ, ఒక నక్షా పల్లెపిల్లవాడికి చేరాలంటే కావలసినవన్నీ 1947 నుంచే తెలుగులో ఉన్నాయి. చందమామ కథ కోసం పుట్టింది, ఆ పనిని అసమానంగా చేసింది. దాన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు. దాని పక్కన నిలబడి, అదే దారిలో ఊళ్లకు చేరే చేతిపనుల పత్రిక ఒకటి తెలుగులో రాలేదు, మన లోటు అది. మనవాళ్లు పేదలు, అన్నానికి లేనివాడికి విమానమెందుకన్న మాట ఇక్కడే ఎదురవుతుంది. కరువు సీమలో ఆ మాటను తేలిగ్గా తీసుకోకూడదు. కాని పది సెంట్ల కిట్ మాంద్యం రోజుల్లోనే పెరిగిందని చూశాం. దానికన్నా దగ్గరి సాక్ష్యం కూడా ఉంది. ఐఐటీ కాన్పూర్‌లో చదివిన అరవింద్ గుప్తా, 1972లో మొదలైన హోశంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమంలో పనిచేస్తూ, అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో రేఖాగణిత నమూనాలు కట్టే పద్ధతిని పిల్లలకు అందించారు. ఆయన పుస్తకాలు తెలుగులోకీ వచ్చాయి. ఆ పద్ధతిలో ఖర్చు దాదాపు లేదు. విలువంతా బొమ్మలతో, మాటలతో మెట్టు మెట్టుగా చెప్పిన తీరులో ఉంది. చేతిపని పుస్తకం మాతృభాషలో అందితే పేదరికం దాన్ని ఆపలేదు.

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది. కిట్ పిల్లవాణ్ణి అనుకరణకు అలవాటు చేస్తుందని, ఎవరో గీసిన గీత మీద పుల్లలు పేర్చడంలో సొంత ఆలోచన ఏముందని విద్యావేత్తలు అడుగుతారు. కిట్ల చరిత్రలోని ఒక దశకు ఆ విమర్శ నిజంగానే వర్తిస్తుంది. తొలి కిట్లలో రిబ్బుల ఆకారాలు చెక్క మీద అచ్చువేసి ఉండేవి, పిల్లవాడే కోసుకోవాలి. తర్వాత అచ్చుకత్తితో ముందే కోసిన ముక్కలు వచ్చాయి, ఆ తర్వాత లేజరుతో వెంట్రుకవాసి తేడా లేకుండా కోసినవి వచ్చాయి, చివరకు కట్టేసి రంగు కూడా వేసిన విమానాలే పెట్టెలో వచ్చాయి. 1936లో బ్రిటన్‌లో ఫ్రాగ్ పెంగ్విన్ పేరుతో, 1950ల నుంచి ఎయిర్‌ఫిక్స్ స్పిట్‌ఫైర్‌తో విస్తరించిన ప్లాస్టిక్ కిట్లు ఆకారాన్ని నేర్పాయి కాని ఎగరడాన్ని నేర్పలేదు. చేతి వాటా తగ్గినకొద్దీ నేర్చుకునేదీ తగ్గింది. కాబట్టి విమర్శ ముందే కోసిపెట్టిన పెట్టెకు తగులుతుంది, నక్షాకు తగలదు. ఎగిరే నమూనాను నక్షా చూసి కట్టినవాడికి అనుకరణతో పని పూర్తికాదు. కట్టిన ప్రతి విమానం కొద్దిగా తేడాగా ఎగురుతుంది. ముక్కు ఎత్తి ఆగి పడుతుంటే బరువు ముందుకు జరపాలి, ఒక పక్కకే తిరిగితే రెక్క మెలిక వెతకాలి, ఒక్కసారి ఒక్కటే మార్చి మళ్లీ విసరాలి. కారణాన్ని ఊహించి, పరీక్షించి, తేల్చుకునే శాస్త్ర పద్ధతి అదే. నమూనా ఎగిరినంతమాత్రాన పెద్దదీ ఎగురుతుందన్న గుడ్డినమ్మకం కూడా ఈ పనిలోనే కరుగుతుంది. శామ్యూల్ లాంగ్లీ నమూనా 1896 మేలో దాదాపు ఒక కిలోమీటరు ఎగిరింది. అదే రూపంలో పెద్దగా కట్టిన విమానం 1903లో రెండుసార్లూ నీళ్లలో పడింది. పరిమాణం మారితే బలాల లెక్క మారుతుందని ఇంతకన్నా గట్టిగా చెప్పే పాఠం లేదు.

మూడో అభ్యంతరం ఈ కాలపుది. డ్రోన్లు వచ్చాయి, ఓర్వకల్లులో డ్రోన్ సిటీ వస్తోంది, 2024 అక్టోబరులో అమరావతి డ్రోన్ సదస్సు వేల డ్రోన్లతో కృష్ణాతీరాన ఆకాశంలో బొమ్మలు గీసింది. ఇక చెక్కపుల్లలతో, రబ్బరుతో పనేముంది? డ్రోన్ తనంతట తాను నిలబడదు. దానిలోని సెన్సర్లు, చిన్న కంప్యూటరు ప్రతి క్షణం దాన్ని నిలబెడుతుంటాయి. కొని ఎగరేసిన పిల్లవాడికి అది ఎందుకు నిలబడిందో తెలియవలసిన అవసరమే రాదు. గ్లైడరుకు అలాంటి సహాయం లేదు. పెనో 1871లో చూపిన రెక్క ఎత్తు, తోక కోణం, వాటితో పాటు బరువు కేంద్రం సరిగ్గా ఉంటేనే ఎగురుతుంది. డ్రోన్‌ను రేపు తయారుచేయవలసినవాడు ఈరోజు ఆ మూడూ చేతితో నేర్చుకోవాలి. 2021 డ్రోన్ నియమాలు కూడా ఇందుకు అడ్డం కావు. 250 గ్రాముల లోపు నానో డ్రోన్లకు కూడా పైలట్ లైసెన్సు అక్కర్లేదు. రిమోటు కూడా లేని చేతివిసురు గ్లైడరుకు ఆ బెడదే లేదు, విమానాశ్రయానికి దూరంగా, మనుషులు లేని మైదానం చూసుకుంటే చాలు. నక్షా బొమ్మే కదా, దానికి తెలుగు ఎందుకన్న ప్రశ్న కూడా వస్తుంది. గీతలకు భాష లేకపోవచ్చు, గీతల ఒప్పందాలకు ఉంది. పక్కనుంచి చూసిన రూపం ఏది, పైనుంచి చూసిన రూపం ఏది, చుక్కల గీత లోపల దాగిన భాగమని, చెక్క నారను ఏ దిక్కున పెట్టాలి, జిగురు ఆరేదాకా ఎందుకు ఆగాలి, ఇవన్నీ మాటల్లో చెప్పవలసినవి. ఆ మాట పిల్లవాడు ఆలోచించే భాషలో ఉంటేనే చేయి కదులుతుంది. ఆంధ్రప్రదేశ్ బడుల్లో ఇప్పుడు ఒక పుట తెలుగు, ఎదురు పుట ఇంగ్లీషు ఉన్న పాఠ్యపుస్తకాలు వాడుకలో ఉన్నాయి. నక్షాకూ అదే పద్ధతి సరిపోతుంది.

చరిత్ర చెప్పేది ఇదైతే దువ్వూరులో తొలి విమానానికి తొలి మెట్టు స్పష్టమే. ముందు ఒక మంచి తెలుగు నక్షా కావాలి. రెండడుగుల లోపు రెక్క ఉన్న చేతివిసురు గ్లైడరు, అసలు పరిమాణంలో గీసిన బొమ్మ, పక్కన ప్రతి మెట్టుకూ తెలుగు వివరణ, జరిగే తప్పులు, వాటి గుర్తులు, సవరణలు. బాల్సా దొరికితే బాల్సా. దొరకకపోతే రెక్కకు పలచని థర్మోకోల్ లేదా ఫోమ్ షీటు, బాడీకి చీల్చిన వెదురు పుల్ల, ముక్కుకు మట్టి. ఈ సామాను ప్రొద్దుటూరు బజారు దాటిపోదు. బరువు పెరిగితే ఎగరడం తగ్గుతుంది, అది కూడా తూచి నేర్చుకోవలసిన పాఠమే. 2016 నుంచి నీతి ఆయోగ్ పెట్టిన అటల్ టింకరింగ్ ల్యాబులున్న బడులు, జన విజ్ఞాన వేదిక నడిపే చెకుముకి వంటి పత్రికలు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ, ప్రొద్దుటూరు, పులివెందుల ఇంజనీరింగు కాలేజీల విద్యార్థులు, ఈ నక్షాను గీయగలవాళ్లూ అచ్చువేయగలవాళ్లూ జిల్లాలోనే, రాష్ట్రంలోనే ఉన్నారు. ఒక ఇంజనీరింగు విద్యార్థి సెలవుల్లో గీసి, పరీక్షించి, బడికి ఇవ్వగలిగిన పని ఇది. మన్రో గొలుసు నుంచి కరణం పెట్టె దాకా నక్షా ఈ నేలను పాలించడానికి పనికొచ్చింది. ఇప్పుడు అది ఎనిమిదో తరగతి పిల్ల ముందు పరచి, గుండుసూది గుచ్చుకునే కాగితం కావాలి. ఆ పిల్ల గీసిన గీతకు, కోసిన పుల్లకు మధ్య తేడాను తానే చూసి తానే దిద్దుకున్న రోజున కిట్ రావలసిన దూరం వచ్చినట్టే, పెట్టె మీద ఏ కంపెనీ పేరున్నా, అసలు పెట్టే లేకపోయినా.